పాత జపాన్ చిన్న కారు ఏ ఏడాదిది? నంబర్, కాగితం, విడిభాగం: దేన్ని నమ్మాలి

"ఛాసిస్ నంబర్ పంపిస్తాను, ఏ ఇయర్ మోడలో చెప్తారా?" పాత జపాన్ కారు మీద మనసుపడ్డ ప్రతివాళ్లూ మొదట అడిగేది ఇదే. ఒక్క నంబర్ చూసి చెప్పడం చాలాసార్లు కుదరదు. ఇప్పటి కార్లకు ఉండే 17 అక్షరాల నంబర్‌కు అలవాటుపడిపోయి, అందులోనే ఎక్కడో సంవత్సరం దాగి ఉంటుందని అనుకుంటాం. జపాన్‌లో అమ్ముడైన బండికి ఆ నంబరే ఉండదు. మోడల్ కోడ్, ఒక అడ్డగీత, తర్వాత వరుస సంఖ్య, అంతే. 1967 నాటి సుజుకి ఫ్రాంటేకీ 1991 నాటి హోండా బీట్‌కీ ఇదే పద్ధతి. డాక్టర్ దగ్గర ఇచ్చే టోకెన్ లాంటిదది: మీరు వరుసలో ఎన్నోవారో చెబుతుంది, టైమెంతయిందో చెప్పదు.

కాబట్టి వయసు తేల్చడానికి నంబర్‌తో పాటు ఇంకో నాలుగు ఆధారాలు చూడాలి: ఇంజిన్ నంబర్, రిజిస్ట్రేషన్ కాగితం, తలుపు దగ్గరి లేబుల్, బండి మీదున్న విడిభాగాలు. వీటిలో ఏది గొప్ప అని అడిగితే, ఎవరికోసం అని నేను ఎదురు అడుగుతాను. అమెరికా కస్టమ్స్ ప్రధానంగా చూసేది తయారైన తేదీ. ఇండియాలో వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు చూసేది మొదటిసారి రిజిస్టరైన తేదీ. బేరమాడేవాడికి కావాల్సింది ఈ రెండూ కాదు, ఆ నంబరూ ఆ బాడీ ఆ ఇంజినూ ఒకదానికొకటి చెందినవేనా అన్నది. ఈ మూడింటినీ కలిపేసుకునే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

ఛాసిస్ నంబర్ ఎంతవరకు పనికొస్తుంది

అడ్డగీతకు ముందున్న భాగం తర్వాతి సంఖ్య కన్నా చాలా విలువైనది. కొనేవాళ్లు దీన్ని పట్టించుకోకుండా వెనకున్న సంఖ్య మీద పడతారు. సుజుకి జిమ్నీనే తీసుకోండి. ఎల్‌జే10 అని ఉంటే 1970 ఏప్రిల్‌లో మొదలైన మొదటి తరం, గాలితో చల్లబడే 359 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్. ఎల్‌జే20 అంటే 1972లో వచ్చిన, నీటితో చల్లబడేది. ఎస్‌జే10 అంటే 1976లో జపాన్ చట్టం 'చిన్న కారు' అనే తరగతికి పెట్టిన ఇంజిన్ పరిమితిని 360 నుంచి 550 సీసీకి పెంచాక వచ్చినది. అంటే ముందున్న నాలుగైదు అక్షరాలే బండి వయసును కొద్ది ఏళ్ల లోపలికి కుదించేస్తాయి. సుజుకి కపుచీనో కూడా అంతే: ఈఏ11ఆర్ అయితే 1991 నుంచి 1995 లోపు, ఈఏ21ఆర్ అయితే ఆ తర్వాత 1998 దాకా. నిస్సాన్ ఫిగరో కొనేవాళ్లకు అసలు బెంగే లేదు. ఎఫ్‌కే10 కోడ్‌తో ఉన్న ఆ ఇరవై వేల పైచిలుకు బండ్లూ 1991 నాటివే. ఫిగరో అమ్మేవాడు "ఇది రేర్ ఇయర్ మోడల్" అంటే నవ్వేసి ధర గురించి మాట్లాడండి.

ఇక అడ్డగీత తర్వాతి సంఖ్య. హోండా బండ్లలో ఇది తరచూ 1000001తో మొదలవుతుంది. అది చూసి అప్పటికే పది లక్షల బండ్లు తయారయ్యాయని లెక్కలు కట్టేవాళ్లున్నారు. అక్కడ మొదటి 1 సిరీస్ గుర్తు మాత్రమే, అసలు లెక్క వెనకున్న అంకెల్లో ఉంటుంది. దీనికి మంచి ఉదాహరణ హోండా ఎన్600. అమెరికాలో అమ్మకాలు మొదలుపెట్టకముందే, 1967లో, హోండా పరీక్షల కోసం సుమారు 50 బండ్లను అక్కడికి పంపింది. వాటిలో ఒకటి ఏళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో పాత హోండాలు బాగుచేసే ఒక మెకానిక్ షాపులో దుమ్ము కొట్టుకుపోయి ఉండేది. మురికి తుడిచి చూస్తే నంబర్‌లో వరుసగా సున్నాలు, చివర 1. హోండా దాన్ని 2016లో పూర్తిగా పునరుద్ధరింపజేసింది. ఆ బండి కథలో గమనించాల్సింది ఇంకోటుంది. ఎన్600 అమెరికాలో జనానికి అమ్మడం మొదలైంది 1969 చివర్లో. "అమెరికాలో అమ్మింది ఎప్పుడు" అన్నదాన్ని బట్టి వయసు లెక్కేసేవాడికి ఈ 1967 బండి లెక్కలోకే రాదు.

సంఖ్యను తేదీగా మార్చాలంటే నెలలవారీ పట్టిక ఉండాలి: ఫలానా నెలలో ఫలానా సంఖ్య నుంచి ఫలానా సంఖ్య దాకా అని. పేరున్న మోడళ్లకు యజమానుల క్లబ్బులు వీటిని కూర్చి పెట్టుకున్నాయి. హోండా ఎస్600, ఎస్800, డాట్సన్ 240జెడ్, టొయోటా స్పోర్ట్స్ 800 లాంటి వాటికి ఈ దారి బాగుంటుంది. స్పోర్ట్స్ 800 మొత్తం తయారైందే 3,131 బండ్లు, యూపీ15 కోడ్‌తో. అంత తక్కువ ఉన్నప్పుడు మిగిలిన ప్రతి బండినీ ఎవరో ఒకరు రాసిపెట్టుకునే అవకాశం ఎక్కువ. అదే లక్షల్లో తయారైన మామూలు ఫ్యామిలీ కార్లకు అంత శ్రద్ధగా లెక్క రాసేవాళ్లు తక్కువ. అక్కడ కాగితం మీదే ఎక్కువ ఆధారపడాలి.

ఇంజిన్ నంబర్: తేదీకి పనికిరాదు, అబద్ధం పట్టడానికి పనికొస్తుంది

ఇంజిన్ నంబర్‌ని బట్టి కారు ఏడాది చెప్పేవాళ్ల మాట నేను పక్కన పెట్టేస్తాను. యాభై అరవై ఏళ్ల బండిలో మొదటి ఇంజినే ఉందని ముందే అనుకోకూడదు. పైగా జపాన్ తనిఖీ పత్రంలో (మన ఆర్‌సీ లాంటిది) రాసేది ఇంజిన్ రకమే, దాని వరుస నంబర్ కాదు. అదే రకం ఇంజిన్ ఇంకో బండి నుంచి పీకి వేసినా కాగితంలో ఏ తేడా కనపడదు.

అయినా ఇంజిన్ మీది నంబర్ తప్పకుండా చూడండి, వేరే పని కోసం. హోండా ఎస్600 బండి ఛాసిస్ కోడ్ ఏఎస్285. దాని ఇంజిన్ నంబర్ ఏఎస్285ఈ అని మొదలవ్వాలి. ఏఎస్800ఈ అని కనపడితే లోపల ఉన్నది 606 సీసీ కాదు, తర్వాత వచ్చిన 791 సీసీ ఎస్800 ఇంజిన్. నడపడానికి అది హాయిగానే ఉంటుంది, కొందరు కావాలనే మారుస్తారు. కానీ "అంతా ఒరిజినల్" అని చెప్పిన ధరకు మాత్రం కాదు. ఫొటో అడిగేటప్పుడు ఇంజిన్ గది మొత్తం ఒకే ఫొటోలో తీసి పంపితే ఒప్పుకోకండి. బ్లాక్ మీద కొట్టిన అక్షరాలు, బాడీ మీద ప్లేటు, ఫ్రేమ్ మీద కొట్టిన నంబర్, ఈ మూడూ విడివిడిగా, పక్క నుంచి వెలుతురు పడేలా తీయమనండి. గ్రైండర్‌తో అరగదీసి మళ్లీ కొట్టిన చోటు ఎదురుగా తీసిన ఫ్లాష్ ఫొటోలో దొరకదు, పక్క వెలుతురులో దొరికిపోతుంది. చుట్టూ రంగు పలచగా ఉండి నంబర్ ఉన్న చోట మాత్రం మందంగా ఉన్నా అనుమానించాల్సిందే.

జపాన్ కాగితం చదవడం

అసలు పని జరిగేది ఇక్కడే. జపాన్ నుంచి వచ్చే బండితో పాటు రిజిస్ట్రేషన్ రద్దు చేసి ఇచ్చిన ఎగుమతి పత్రం వస్తుంది. అందులో మోడల్ కోడ్, ఛాసిస్ నంబర్, మొదటి రిజిస్ట్రేషన్ సంవత్సరం, నెల ఉంటాయి.

మొదటి తిరకాసు సంవత్సరం రాసే తీరులో ఉంది. జపాన్ వాళ్లు చక్రవర్తి శకం ప్రకారం రాస్తారు. షోవా శకం అయితే 1925 కలపాలి. షోవా 43 అంటే 1968, షోవా 45 అంటే 1970. 1989 జనవరిలో శకం మారి హేసేయి అయింది, దానికి 1988 కలపాలి. హేసేయి 3 అంటే 1991. చేతిరాత అనువాదాల్లో శకం పేరు ఎగిరిపోయి "45" మాత్రమే మిగులుతుంది. దాన్ని 1945గా ఎక్కించిన కాగితం కూడా ఎక్కడో ఒకచోట చెలామణి అవుతూనే ఉంటుంది. సుబారు 360 పుట్టిందే 1958లో అన్న సంగతి గుర్తుంటే ఇలాంటివి అక్కడే ఆగిపోతాయి.

రెండోది ఇంకా మెలికైనది. 360 సీసీ చిన్న కార్లకు 1973 అక్టోబర్ దాకా ఆ దేశంలో తప్పనిసరి తనిఖీ లేదు. పెద్ద కార్లకు కాగితంలో రాసేది మొదటి రిజిస్ట్రేషన్ అయితే, చిన్న కార్లకు రాసేది మొదటి తనిఖీ తేదీ. కాబట్టి 1973కు ముందు తయారైన హోండా ఎన్360 గానీ ఫ్రాంటే గానీ సుబారు 360 గానీ కొంటుంటే, కాగితం మీది తేదీ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దు. ఛాసిస్ కోడ్, బాడీ వివరాలు దానితో ఏకీభవిస్తున్నాయా అని తప్పక సరిచూడాలి. 1973 తర్వాతి చిన్న కార్లకు ఈ కాగితం మీద నాకు మంచి నమ్మకమే ఉంది.

మోడల్ కోడ్ ముందు "ఈ" (E) అక్షరం, అడ్డగీత ఉంటే సంతోషించండి. 1978 నాటి పొగ నిబంధనలకు లోబడిన ప్యాసింజర్ కారు అని, అంటే సుమారు ఆ కాలం నాటిదో ఆ తర్వాతిదో అని అర్థం. ఇది కాగితం మీదే ఉంటుంది, బాడీ మీద కొట్టిన నంబర్‌లో ఉండదు. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా లేవని కంగారు పడక్కర్లేదు.

లేబుల్, విడిభాగాలు

అమెరికాకు ఎగుమతి చేసిన బండి అయితే పని సగం తేలికవుతుంది. డాట్సన్ 240జెడ్ తలుపు ఫ్రేమ్ దగ్గరి ప్లేటు మీద తయారైన నెల, సంవత్సరం నేరుగా ఉంటాయి. అదే కారు జపాన్‌లో అమ్మింది అయితే ఉండదు. కోడ్‌లోనూ తేడా కనిపిస్తుంది: జపాన్‌ది ఎస్30, అమెరికాకు వెళ్లింది హెచ్‌ఎల్‌ఎస్30, అందులో ఎల్ ఎడమ వైపు స్టీరింగ్‌కు గుర్తు. లేబుల్ ఉన్న బండికీ లేని బండికీ ధర ఒకటే అయితే, కాగితాల గొడవ వద్దనుకునేవాళ్లు లేబుల్ ఉన్నదే తీసుకోవడం మేలు. ఒక్క జాగ్రత్త: అమెరికా టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉండేది మోడల్ ఇయర్. 1969 శరదృతువులో వచ్చిన 240జెడ్ కూడా 1970 మోడలే. లేబుల్‌కీ టైటిల్‌కీ ఒక ఏడాది తేడా ఉంటే మోసం అనుకోకండి.

విడిభాగాల పరీక్ష ఒంటరిగా ఏదీ రుజువు చేయదు, కానీ అబద్ధాన్ని చాలా త్వరగా పట్టిస్తుంది. జిమ్నీ గ్రిల్ చూడండి: ఎల్‌జే10కి అడ్డంగా, ఎల్‌జే20కి నిలువుగా చీలికలుంటాయి. ముందు భాగం దెబ్బతిని మార్చినా తేడా వస్తుంది కాబట్టి గ్రిల్ చూశాక ఇంజిన్‌కు రేడియేటర్ ఉందో లేదో కూడా చూడాలి. హోండా ఎస్ వరుసకైతే బండి కిందికి దూరాల్సిందే. ఎస్500, ఎస్600లలో వెనక చక్రాలకు శక్తి వెళ్లేది చైన్ ద్వారా. ఆ చైన్ పెట్టెలే చక్రాన్ని పట్టుకునే చేతులుగా కూడా పనిచేస్తాయి. యాక్సిలరేటర్ తొక్కగానే వెనక భాగం దిగడం బదులు పైకి లేస్తుంది, అది ఒకసారి చూస్తే మరిచిపోరు. 1966 జనవరిలో వచ్చిన ఎస్800 తొలి బ్యాచ్‌కు కూడా చైనే ఉండేది, తర్వాత మామూలు ఇరుసు పెట్టారు. కాబట్టి చైన్ ఉన్న ఎస్800 దొరికితే అది తొలి బ్యాచ్‌ది. ఛాసిస్ నంబర్ కూడా చిన్నదై ఉండాలి. నంబర్ పెద్దదిగా ఉండి కింద చైన్ కనపడితే రెండు బండ్లు కలిపి ఒకటి చేశారేమో అని అడగాలి.

సుబారు 360 పదేళ్లకు పైగా చూడ్డానికి దాదాపు ఒకేలా తయారైంది. కానీ శక్తి మాత్రం మొదటి 16 హార్స్‌పవర్ నుంచి 1968 నాటికి 25కి, యంగ్ ఎస్‌ఎస్ అనే రెండు కార్బ్యురేటర్ల మోడల్‌లో 36కి చేరింది. అమెరికాలో కొనేవాళ్లు టైటిల్ మీది సంవత్సరాన్ని అంత సీరియస్‌గా తీసుకోవద్దు. అక్కడ ఆ కారుకు చెడ్డపేరు వచ్చి సరిగ్గా అమ్ముడుపోలేదు, కాబట్టి మిగిలిపోయిన బండికి టైటిల్ మీద తయారైన ఏడాది కన్నా తర్వాతి ఏడాది పడి ఉండొచ్చు.

సీట్ బెల్ట్ మీద కుట్టిన లేబుల్ ఉంటే తిప్పి చూడండి, చాలా వాటి మీద తయారీ ఏడాది ఉంటుంది. టైర్ మీది నాలుగంకెల కోడ్ టైరు వయసే చెబుతుంది. అది చూపించి కారు గురించి కబుర్లు చెప్పేవాళ్లతో సమయం వృథా.

మీకు ఏది సరిపోతుంది

అమెరికాలో ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా జపాన్ నుంచి నేరుగా తెప్పించుకునేవాళ్లు, 25 ఏళ్ల నిబంధన (తయారై అన్నేళ్లు నిండిన బండికి అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు) గురించి టెన్షన్ పడుతుంటారు. ఇక్కడ చెప్పుకున్న బండ్లలో చివరిది 1998 నాటి కపుచీనో. అది కూడా ఆ గీత దాటేసింది. మిగిలింది రుజువే. తయారీ తేదీ ఉన్న లేబుల్ లేకపోతే, 25 ఏళ్ల క్రితమే అమ్ముడైనట్టో రిజిస్టరైనట్టో చూపే పత్రం చాలు. కాబట్టి మీకు ఛాసిస్ పట్టికల కన్నా జపాన్ ఎగుమతి పత్రం, దానికి శుభ్రమైన ఆంగ్ల అనువాదం ముఖ్యం. కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో మెట్టుంది. అక్కడి స్మాగ్ పరీక్ష (పొగ తనిఖీ) నుంచి 1975, అంతకు ముందు మోడళ్లకు మినహాయింపు. ఎల్‌జే20 జిమ్నీనా ఎస్‌జే10 జిమ్నీనా అన్న సందేహంలో ఉంటే, బే ఏరియా వాళ్లకు నా ఓటు ఎల్‌జే20కే. చిన్న కార్లను రోడ్డు మీదికి రానివ్వడంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు కాబట్టి డబ్బు కట్టకముందే స్థానిక ఆఫీసులో కనుక్కోండి.

ఇండియాలో లెక్క వేరు. మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కారును మామూలుగా తెప్పించుకోనివ్వరు. 2021లో సవరించిన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, ఛాసిస్ బాడీ ఇంజిన్ గణనీయంగా మార్చని బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. రాష్ట్ర కోడ్ తర్వాత వీఏ అని వచ్చే నంబర్ ఇస్తారు. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, రోజువారీ తిరుగుడుకు వీల్లేదు. ఇక్కడ రెండు సంగతులు తలకిందులవుతాయి. ఒకటి, తయారీ తేదీని ఎంత కష్టపడి నిరూపించినా లాభం లేదు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ ఉన్న కాగితమే కావాలి. రెండు, అమెరికాలో 25 ఏళ్ల లెక్కకు సంబంధం లేని ఇంజిన్ మార్పు ఇక్కడ అడ్డుపడవచ్చు.

జపాన్ చిన్న కారు కావాలి గానీ దిగుమతి బాధలు వద్దు అనుకునే హైదరాబాద్, విజయవాడ వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మన దగ్గరే ఉన్న మొదటి తరం మారుతి 800, ఎస్‌ఎస్80 వెతకండి. సుజుకి ఆల్టో, ఫ్రాంటేల బాడీ, మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. 1983 డిసెంబర్‌లో మొదలై, 1986లో కొత్త బాడీ వచ్చేదాకా అమ్మారు. తొలి బండ్లు జపాన్ నుంచి వచ్చిన భాగాలతో బిగించినవి. కాబట్టి జపాన్‌లో తయారైనట్టు గుర్తున్న అద్దాలు, స్విచ్‌లు ఎన్ని మిగిలితే అంత మంచిది. ఎఫ్8బీ అన్న ఇంజిన్ గుర్తు చూసి మాత్రం మురిసిపోకండి, 1986 తర్వాతి 800కీ అదే ఇంజిన్. బాడీయే గీటురాయి.

దీనికి జపాన్ లెక్కలేవీ అక్కర్లేదు. ఆర్‌సీలో తయారైన నెల, ఏడాది, రిజిస్టరైన తేదీ రెండూ విడిగా ఉంటాయి. బండి మీది ప్లేటును కూడా చదవండి. 1989లో నంబర్ల పద్ధతి మారింది. 1986లోపు కొన్న ఎస్‌ఎస్80కి ఏపీ 09 లాంటి కొత్త తరహా నంబర్ ఉందంటే, అది వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఉండాలి, లేదా తర్వాత ఎప్పుడో మళ్లీ రిజిస్టరై ఉండాలి. అది తప్పేమీ కాదు, కానీ పాత నంబర్ ఏమిటో, ఆ ఆర్‌సీ జిరాక్స్ ఉందో అడగండి. 2033 డిసెంబర్ తర్వాత వీటిలో మొదటివి వింటేజ్ అర్హతకు వస్తాయి. అప్పుడు మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూపించలేని బండి, చూపించగలిగే బండి ముందు నిలవదు.

బయానా ఇచ్చేముందు ఆర్‌టీఓ పనికి ఎలాగూ తీసే పెన్సిల్ ప్రింట్‌ను మీరే తీయండి. ఛాసిస్ మీద తుప్పు, గ్రీజు గుడ్డతో తుడిచి, పలచటి కాగితం ఆనించి, పెన్సిల్‌ను పక్కకు పడుకోబెట్టి రుద్దండి. కంటికి కనపడని అరుగుదల, పక్కపక్క అంకెల ఎత్తులో తేడా కాగితం మీద తేలతాయి. ఆ కాగితాన్ని ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అంకె చదివి సరిచూశాకే రేటు మాట్లాడండి.